దేవదానం గొంతు ఉండగా

నెల్లూరు సముద్రతీరం చూసి వచ్చానని చెప్పగానే మా వీధివాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న చేపల పులుసు గురించి. తిన్నాను, దాని సంగతి చెబుతాను. కానీ నేను వెళ్ళింది పులుసు కోసం కాదు, సముద్రం కోసమూ కాదు. మా మరిది కారులో ముందు సీటు ఖాళీగా ఉంది. దారి పొడవునా ఆయన నిద్రపోకుండా చూసే మనిషి ఒకరు కావాలి. బడిపంతులమ్మగా రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, ఆ ఉద్యోగం నాకిచ్చారు.

మా మరిది ప్రభుదాసు, అంటే పోయిన మా ఆయనకు తమ్ముడు. తెనాలిలో పెద్ద సంఘానికి పాస్టరు. ఆయన ప్రసంగాలు ఫోనుల్లో కూడా వస్తాయి. ముందు మెరుపులు, వెనక సంగీతం, మధ్యలో మా మరిది. స్టేజీ ఎక్కితే గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. ఇంట్లో మాత్రం "ఊఁ", "సరే", "తర్వాత చూద్దాం" అనే మాటలతో సంవత్సరమంతా గడిపేస్తాడు. మా తోడికోడలు ఆయనతో ఏదైనా చెప్పాలంటే చర్చిలో సాక్ష్యం చెప్పాలి, ఇంకో దారి లేదు.

ఈ ప్రయాణానికి కారణం దేవదానం. ఆయన ఇందుకూరుపేటలో టైలరు. ప్రభుదాసు కుర్రతనంలో పరిచర్య మొదలుపెట్టినప్పుడు ఆయన ఇంట్లోనే తిన్నాడు, పడుకున్నాడు, ఆయన కుట్టిన చొక్కాలే తొడుక్కున్నాడు. ఆ దేవదానానికి గొంతులో కేన్సరు వచ్చింది. వచ్చే వారం చెన్నైలో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత మాట ఉండదు. ఈ వార్తతో పాటు అక్కడి చిన్న పాస్టరు ఇంకో వార్త కూడా ఫోనులో చెప్పాడు. దేవదానం విశ్వాసంలో జారిపోయాడట, ఇంటికి వచ్చినవాళ్ళను ప్రార్థన చేయనివ్వడం లేదట.

ప్రభుదాసు వెంటనే ప్రోగ్రాం వేశాడు. మొదటి రోజు ముత్తుకూరులో ఇళ్ళ దర్శనం, రెండో రోజు పొద్దున దేవదానం, సాయంత్రం నాయుడుపేటలో సభ. దేవదానానికి ఎంతసేపు ఇచ్చావని అడిగాను. అరగంట అన్నాడు. మాట పోబోయే మనిషికి అరగంటా అన్నాను. ప్రార్థనలో బలం ఉంటే అరగంట ఎక్కువే వదినా అన్నాడు.

నెల్లూరు, దోశ దగ్గర

ఒంగోలు దాటేదాకా ప్రభుదాసు తన ప్రసంగాలే కారులో పెట్టుకుని విన్నాడు. తన గొంతు తనే వింటూ అక్కడక్కడా తల ఊపాడు. నాకు నిద్ర వచ్చింది, ఆయనకు రాలేదు. కాబట్టి నా ఉద్యోగం నేను చేయకపోయినా నష్టం జరగలేదు.

నెల్లూరులో హైవే పక్కన ఒక హోటల్లో కారం దోశ తిన్నాం. మా తెనాలిలో దోశ తిన్నాక కారం గుర్తుంటుంది, ఇక్కడ కారం తిన్నాక దోశ గుర్తుంటుంది. డెబ్భై రూపాయలు తీసుకున్నారు, ఇవ్వదగ్గ దోశే. మా బల్ల దగ్గరే ఒక రైతు కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, మాది ఏ ఊరో అడిగాడు. చెప్పగానే తెనాలి వైపు నీళ్ళు ఎలా వస్తున్నాయని అడిగాడు, తన పొలానికి కాలవ నీళ్ళు ఎందుకు అందలేదో చెప్పడం మొదలుపెట్టాడు. నిదానంగా, కలుపుకుని తింటున్నట్టు చెబుతున్నాడు. వాళ్ళ అన్నకూ తనకూ గట్టు తగాదా దాకా వచ్చాడు. క్రితం నెల ఒకరోజు అన్న తన గడప దాకా వచ్చాడని, లోపలికి రాకుండా నిలబడ్డాడని చెబుతున్నాడు.

అప్పటికి ప్రభుదాసు చెయ్యి కడుక్కుని వచ్చాడు. జేబులోంచి కరపత్రం తీసి రైతు చేతిలో పెట్టి, "ప్రభువు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు" అని చెప్పి, నావైపు చూసి తలుపు వైపు నడిచాడు. రైతు నోరు ఇంకా తెరిచే ఉంది. అన్న లోపలికి వచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఆ కాగితాన్ని మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెడుతున్నాడు. కనీసం బల్ల నిలిచింది.

కారెక్కాక ప్రభుదాసు ఒక ఆత్మకు సువార్త అందిందని సంతోషపడ్డాడు. ఆ ఆత్మ పేరేమిటని అడిగాను. ఆయన కారు స్టార్ట్ చేశాడు.

ముత్తుకూరు, పొంగిన పాలు

ముత్తుకూరు దారిలో లారీల వెనక లారీలు. ఆకాశంలో పొగగొట్టాలు, చెట్ల మీద దుమ్ము. దగ్గర్లో పోర్టు వచ్చాక ఇక్కడ ఇళ్ళు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, పగలు నిద్రపోయే మగవాళ్ళు పెరిగారు. అందరివీ షిఫ్టు ఉద్యోగాలు. ఆ వీధుల్లో పిల్లలు కూడా గుసగుసగా ఆడుకుంటారు.

మన క్రైస్తవ ఇళ్ళలో పాస్టరు దర్శనం ఎలా ఉంటుందో తెలియనివారి కోసం చెబుతాను. గుమ్మంలో కారు ఆగగానే పక్కింటినుంచి ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. టీవీ ఆగిపోతుంది. ఒకరు కూల్ డ్రింక్ కోసం పరిగెడతారు. పాస్టరు కూర్చుని, అందరూ బాగున్నారా అని అడుగుతాడు. బాగున్నామంటారు. బాగాలేమని చెప్పేంత టైము అందులో ఉండదు. అంతలో ఆయన "ప్రార్థన చేసుకుందాం" అంటాడు. ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు, అందరి కళ్ళూ మూతపడతాయి. ఆమెన్ అన్నాక లేవడమే. మా వాళ్ళలో ఆమెన్ తర్వాత కూర్చునే పాస్టరు లేడు, కూర్చోమనే ఇంటివాళ్ళూ లేరు. ఒక ఇంటినుంచి మర్యాదగా బయటపడాలంటే ప్రార్థనకు మించిన ఉపాయం లేదని నాకు ఆ సాయంత్రం బాగా అర్థమైంది.

సునీత అనే అమ్మాయి ఇంటికి వెళ్ళాం. భర్త నైట్ షిఫ్టుకి వెళ్ళబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆమె స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ప్రభుదాసు ఎదురుగా కింద కూర్చుంది. "అయ్యగారూ, ఒక మాట చెప్పాలనుకుంటుండా" అంది. ప్రభుదాసు చాలా దయగా చెయ్యెత్తి, నీ హృదయంలో ఏముందో దేవుడికి తెలుసమ్మా, ప్రార్థన చేసుకుందాం అన్నాడు. దేవుడికి తెలుసు, సరే. నీకు తెలియొద్దా?

ప్రార్థన సాగుతోంది. పాలు పొంగుతున్నాయి. వాసన వస్తోంది, మాడు వాసన కూడా మొదలైంది. ఒక్కళ్ళూ కళ్ళు తెరవరు. సునీత కొంగు కింద కదలకుండా కూర్చుంది. భర్త ముక్కు ఎగపీల్చాడు గానీ కదల్లేదు. నేనే లేచి వెళ్ళి స్టవ్ కట్టేశాను. పాలు పొంగితే దేవుడు కోప్పడడు. పాస్టరు కోప్పడతాడేమోనని వీళ్ళ భయం.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సునీతను ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. ఆమె నవ్వింది. పెద్దగా ఏమీ లేదంది. ఆయన రాత్రంతా ఉండడు, పగలు పడుకుంటాడు, ఇంట్లో మనిషి ఉన్నా లేనట్టే ఉంటోందని చెప్పింది. దానికి ఎవరూ చేసేదేమీ లేదని తనకు తెలుసంది. "ఊరికే చెప్పాలనిపించిందక్కా. ఇంటికి ఎవురన్నా వస్తే గదా చెప్పేది" అంది. మేము రాలేదా మరి? రాలేదు. ఆ ఇంటికి కారు వచ్చింది, ప్రార్థన వచ్చింది, కూల్ డ్రింక్ వచ్చింది.

ఇలాగే ఇంకొన్ని ఇళ్ళు. చివరింట్లో ఆమెన్ తర్వాతి తొందరలో చీకట్లో నేను ఎవరివో మగవాళ్ళ చెప్పులు వేసుకుని వచ్చేశాను. కారు దిగేదాకా తెలియలేదు. వెనక్కి వెళ్దామంటే ప్రోగ్రాంలో లేదన్నాడు ప్రభుదాసు. మిగిలిన ప్రయాణమంతా ఆ చెప్పుల్లో కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగాను. ముత్తుకూరులో ఎవరో పెద్దాయన నా పూల చెప్పులతో షిఫ్టుకి వెళ్ళి ఉంటాడు.

మైపాడు ఒడ్డున

రెండో రోజు పొద్దున్నే తిన్నగా దేవదానం ఇంటికి వెళ్తామనుకున్నాను. ముందు మైపాడు అన్నాడు ప్రభుదాసు. పాత స్నేహితుణ్ణి కలిసే వీడియోకి మొదట్లో సముద్రం ఉండాలట. అప్పుడు అర్థమైంది నాకు, ఈ దర్శనం ఫోనులోకి కూడా ఎక్కబోతోందని.

రొయ్యల గుంటల మధ్యనుంచి రోడ్డు. గుంటల్లో రొయ్యలకి గాలి అందించే తెడ్ల చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. ఒడ్డున అలలు పెద్దవి. ప్రభుదాసు ఫోనును స్టాండుకి బిగించి, సముద్రానికి వీపు పెట్టి నిలబడి, తన యవ్వన పరిచర్య గురించి గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాడు. సముద్రానికి వీపు పెట్టకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒక అల వచ్చి పాంటు మోకాళ్ళదాకా తడిపింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, మళ్ళీ తడిసింది. మూడోసారి ఒడ్డెక్కి నిలబడ్డాడు గానీ అప్పటికి ముఖంలో గాంభీర్యం పోయింది.

నేను ఆ చెప్పులు చేత్తో పట్టుకుని చేపలమ్మే ఆమె దగ్గర కూర్చున్నాను. మా ఊళ్ళో బేరమంటే ఆమె ఒకటి చెప్పడం, మనం సగం అడగడం, ముఖాలు ముడుచుకోవడం. ఇక్కడ ఆమె ధర చెప్పకముందే, ఎంతమందికి వండుతావక్కా, పిల్లలు ముల్లు ఏరుకుంటారా అని అడిగింది. నేను ప్రయాణంలో ఉన్నాను, కొనను అన్నాను. అయినా కూర్చోమంది. పులుసు ఇవాళ చేసి రేపు తినాలని, పుల్ల మామిడికాయ ముక్కలు చివర్లో వెయ్యాలని చెప్పింది. కొనని మనిషితో అంతసేపు మాట్లాడే వ్యాపారస్తుణ్ణి నేను మా బజారులో చూడలేదు. అంతలో కారు హారన్ మోగింది. ఆమె అటు చూసి, మీ ఆయనకి కోపమా అని అడిగింది. మా మరిది, దైవసేవకుడు అని చెప్పాను. ఆమె చేప తిప్పి పెట్టింది.

ఇందుకూరుపేట, దేవదానం ఇల్లు

వీధివైపు గదిలో కుట్టుమిషను, వెనక రెండు గదులు, పెరట్లో మునగచెట్టు. దేవదానం మిషను ముందు స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, మెడకు తువ్వాలు. మమ్మల్ని చూసి లేచి, ప్రభుదాసు భుజాలు పట్టుకుని, చొక్కా కుట్టు చూశాడు. "ఎవుడు కుట్టినాడురా ఇది" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. మాటకీ మాటకీ మధ్య గాలి లాక్కోవాలి. కానీ మాట స్పష్టంగానే ఉంది.

ప్రభుదాసు నవ్వాడు. నవ్వి, ఫోను స్టాండు తెచ్చి మిషను మీద నిలబెట్టాడు. కుర్చీ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. దేవదానం భార్య కాంతమ్మ అప్పుడే కొంగు తలమీదికి లాక్కుంది, అలవాటు కదా. దేవదానం మాత్రం ఆ ఫోనును స్టాండుతో సహా తీసి నా చేతిలో పెట్టాడు.

"ప్రార్థన వద్దురా దాసూ. ముందు కూర్చో" అన్నాడు.

ప్రభుదాసు నావైపు చూశాడు. చిన్న పాస్టరు చెప్పింది నిజమే అన్నట్టు ఉంది ఆ చూపు. దేవదానం అది పట్టేశాడు.

"నేనేం దేవుణ్ణి ఇడిసిపెట్టలేదురా. వచ్చినోళ్ళంతా ప్రార్థన చేసినారు, లేచి పోయినారు. నేను చెప్పేది ఒక్కడన్నా వినలేదు. నాకుండేదే ఇంకో నాలుగు దినాల గొంతు. ఆ టైమంతా వాళ్ళ గొంతులకే పోతే నేనెప్పుడు మాట్లాడేది?"

ఇంతే జరిగింది. దీనికే ఆ మనిషి జారిపోయాడని ఊరంతా చాటారు. కాంతమ్మ నాకు మిగతాది చెప్పింది. ఒకాయన మైకు, బాక్సు తెచ్చాడట. ఈ గదికి మైకు! రోగాన్ని గద్దించి, గద్దించి, చివరికి ఆపరేషన్‌కి వెళ్తే విశ్వాసం లేనట్టే అన్నాడట. కాంతమ్మే ఆయన బాక్సు మోసుకెళ్ళి వీధిలో పెట్టిందట. ఇంకో గుంపు పాటలు పాడి, ఫొటో దిగి, పళ్ళ సంచి ఇచ్చి వెళ్ళింది. మింగలేని మనిషికి ఆపిల్ పళ్ళు. అందరూ మంచివాళ్ళే, ఒక్కరికీ కూర్చునే ఓపిక లేదు. దేవుడితో మాట్లాడటానికి వచ్చారు సరే, దానికి దేవదానం ఇల్లే ఎందుకు? వాళ్ళ ఇళ్ళలోంచి వినపడదా?

ప్రభుదాసు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. దేవదానం హార్మోనియం సంగతి ఎత్తాడు. ఇద్దరూ సైకిలు మీద హార్మోనియం పెట్టుకుని జాలరిపాలేనికి వెళ్తూ కాలవలో పడ్డారట. పడేసింది ఎవరన్నదే తగాదా. నువ్వే తొక్కావన్నాడు ప్రభుదాసు. తొక్కింది నేనే, హార్మోనియం పట్టుకుని పాట పాడుతూ ఒక పక్కకి ఒరిగింది నువ్వన్నాడు దేవదానం. ఆ పెట్టె ఎండలో పెట్టాక వారం రోజులు ఎవరూ ముట్టుకోకుండానే ఒక స్వరం మూలిగిందట. కాంతమ్మకి ఆ మూలుగు ఇప్పటికీ వచ్చు, చేసి చూపించింది. ప్రభుదాసు గట్టిగా నవ్వాడు. మా ఇంట్లో ఆయన అలా నవ్వగా నేను వినలేదు.

తర్వాత దేవదానం ఇంకో సంగతి చెప్పాడు. ఆ పాలెంలోనే ఒక ముసలమ్మ ఉండేదట. ప్రభుదాసు ఆమె పక్కన కూర్చుని, మధ్యాహ్నమంతా చింతపండు గింజలు తీశాడట. దేవుడి మాటే ఎత్తలేదట. ఆమె తన కొడుకులు, కోడళ్ళు, పోయిన మొగుడు, అందరి గురించీ చెప్పిందట. ఆ ఆదివారం ఎవరూ పిలవకుండా ఆమె నడుచుకుంటూ చర్చికి వచ్చి కూర్చుందట.

"నాకు గుర్తులేదు" అన్నాడు ప్రభుదాసు.

"నాకుండాదిలే" అన్నాడు దేవదానం.

మధ్యాహ్నం అన్నం పెట్టారు. నిన్న చేసిన పులుసు, మామిడికాయ ముక్కలు మెత్తగా ఉడికి చేపతో కలిసిపోయాయి. మా ఇళ్ళలో పులుసు పొగలు కక్కుతుంటేనే వడ్డిస్తాం, ఇంతకాలం ఎంత తెలివితక్కువగా తిన్నామో అనుకున్నాను. దేవదానం గ్లాసులో గంజి తాగుతూ ప్రభుదాసు తినడం చూశాడు. ఇంకో ముక్క వెయ్యమని భార్యకు సైగ చేశాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. ప్రభుదాసు గడియారం రెండుసార్లు చూశాడు, నేను ఆ రెండుసార్లూ ఆయన్ని చూశాను.

చెయ్యి కడుక్కుని వచ్చాక దేవదానం అడిగాడు. గొంతు అప్పటికి అలిసిపోయింది.

"ఆపరేషన్ అయినాక నేను పలకను దాసూ. మాట్లాడేవాడి కాడే నీకు నిలిచేదానికి తీరిక లేదు. పలకనోడి కాడికి వస్తావా?"

కాంతమ్మ చేతిలో పళ్ళేలు అలాగే ఉండిపోయాయి. ఆ మనిషి ఇన్ని రోజులుగా గొంతు దాచుకుంది ఈ ప్రశ్న కోసమేనని అప్పుడు తెలిసింది. చావు గురించి ఆయనకంత భయం లేదు. మాట పోతే తన ఇంటికి ఎవరూ రారని భయం.

ప్రభుదాసు ఆయన వైపు చూశాడు. తర్వాత, నా మీద ఒట్టు, కళ్ళు మూసుకుని "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బడిలో కూడా అంత గట్టిగా అరిచి ఉండను.

"ప్రభుదాసూ, కళ్ళు తెరువు. ఆయన అడిగింది నిన్ను. దేవుణ్ణి కాదు."

కళ్ళు తెరిచాడు.

"నాకు మాట్లాడటం పోయిందిరా" అన్నాడు. "ప్రసంగం ఒక్కటే మిగిలింది. నీ దగ్గర కూర్చుని ఏం మాట్లాడాలో తెలియకే ఇన్నాళ్ళూ రాలేదు. తీరిక లేదన్నది అబద్ధం."

దేవదానం నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. కాంతమ్మ వీపు రాసింది. దగ్గు ఆగాక ప్రభుదాసు చెయ్యి పట్టుకున్నాడు.

"గొంతు పోయేది నాకురా. నువ్వెందుకు ముందే పోగొట్టుకున్నావు?"

ప్రభుదాసు ఏడ్చాడు. మా ఆయన పోయినప్పుడు కూడా ఆదరణ ప్రసంగం చేశాడే గానీ ఏడవలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి, అయినా కోపం మాత్రం తగ్గలేదు.

చేరని నాయుడుపేట

నాయుడుపేట వాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. ఫోను నా చేతిలోనే ఉంది కదా, నేనే ఎత్తాను. అయ్యగారు ఎక్కడున్నారని అడిగాడు సభ పెట్టిన పెద్దమనిషి. పరిచర్యలో ఉన్నారని చెప్పాను. ఎప్పుడు బయలుదేరతారన్నాడు. పరిచర్య అయ్యాక అన్నాను. షామియానా వేశాం, స్టేజీ కట్టాం, జనం వస్తారన్నాడు. జనం వచ్చాక ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోమనండి అన్నాను. ఆయన అది విని ఫోను ఇంకెవరికో ఇచ్చాడు. నేను కట్టేశాను.

ఆ సాయంత్రం నాయుడుపేటలో ఎవరు ప్రసంగించారో నాకు తెలియదు, ఎవరో ఒకరు దొరికే ఉంటారు. మన రాష్ట్రంలో ప్రసంగం చేసేవాళ్ళకి కరువు లేదు.

ఇక్కడ మాత్రం మునగచెట్టు కిందికి మంచం మారింది. స్నేహితులిద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. ఎవరి పెళ్ళిలో పప్పు మాడింది, ఏ కొలత తప్పి పెళ్ళికొడుకు చొక్కా బిగుతైంది, సముద్రపు పోటుకి ఏ ఏడు ఏ ఇల్లు కూలింది. అందులో ఆత్మకు ఉపయోగపడేది ఒక్క ముక్క లేదని నాయుడుపేట పెద్దమనిషి అనేవాడే. మధ్యమధ్య దేవదానం గొంతు ఆగిపోయేది. ప్రభుదాసు మొదట్లో ఆ సందులో తను మాట్లాడబోయేవాడు. నేను దగ్గితే ఆగేవాడు. తర్వాత్తర్వాత నేను దగ్గకుండానే ఆగి, గొంతు తిరిగి వచ్చేదాకా కూర్చున్నాడు. అంత పెద్ద పాస్టరుకి ఆ మాత్రం నేర్పడానికి ఒక పూట పట్టింది.

పొద్దు వాలాక లేచాం. కాంతమ్మ కొంగు సర్దుకుంది. ఈసారి ప్రభుదాసు నోరు తెరవలేదు, దేవదానం వైపు చూశాడు. దేవదానం కళ్ళు మూసుకోకుండానే, స్నేహితుణ్ణి చూస్తూనే అన్నాడు.

"ప్రభువా, దాసు వచ్చినాడు. అన్నం తిన్నాడు. నీకు స్తోత్రం."

అంతే ప్రార్థన. మేమందరం ఆమెన్ అన్నాం.

తెనాలి వచ్చాక

ఆపరేషన్ అయింది. బాగానే జరిగిందని కాంతమ్మ చెప్పింది. ఇప్పుడు దేవదానం మెడలో ఒక రంధ్రం, దానికో గుడ్డ, చేతిలో పలక. ప్రభుదాసు చెన్నై వెళ్ళి ఆస్పత్రిలో కూర్చుని వచ్చాడు, ఫోను స్టాండు ఇంట్లోనే వదిలి వెళ్ళాడని మా తోడికోడలు సాక్షిగా చెప్పింది.

ఈ ప్రయాణంతో మా మరిది మారిపోయాడని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. మారలేదు. మొన్న మా వీధిలో ఒక ఇంట్లో కాఫీ డికాక్షన్ దిగేలోపే ఆమెన్ చెప్పి వచ్చాడు. కానీ సాయంత్రం ఇందుకూరుపేటకి ఫోను చేస్తాడు. స్పీకర్ పెడతాడు, అటువైపు కాంతమ్మ కూడా పెడుతుంది. మొదటి రోజు ఓదార్పు గురించి మొదలుపెట్టాడు. గొంతు పైకెత్తేలోపే కాంతమ్మ అడ్డుపడింది, ప్రసంగం వద్దని ఆయన చెయ్యి ఊపుతున్నాడని.

మర్నాడు ఫోను పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. నంబరు నొక్కకుండా నిలబడ్డాడు.

"ఏం చెప్పాలి వదినా?" అన్నాడు. స్టేజీ ఎక్కితే దిగమని చీటీ పంపాల్సిన మనిషి.

"మధ్యాహ్నం ఏం తిన్నావో చెప్పు" అన్నాను.

నొక్కాడు. దొండకాయ వేపుడు తిన్నానని చెప్పాడు. ఉప్పు ఎక్కువైందని చెప్పాడు. అటువైపు చప్పుడు లేదు. పెరట్లో కుళాయి కారుతోందని, ప్లంబరు వస్తానని రాలేదని చెప్పాడు. ఇంక ఆయన దగ్గర చెప్పడానికేమీ లేదు, చెమట పట్టింది. ఉంటానురా మరి అన్నాడు.

పలక మీద బలపం గీసిన చప్పుడు వినపడింది. తర్వాత కాంతమ్మ గొంతు.

"పెట్టెయ్యొద్దంటుండాడన్నా. ప్లంబరు ఎందుకు రాలేదో చెప్పమంటుండాడు."

ప్రభుదాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్లంబరు సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.